నేను పొలం గట్టు అన్న మట్టి

రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. నాకు ముప్పై ఏడేళ్లు. నా మోకాళ్లకు మాత్రం అరవై దాటాయని డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి చెప్పింది. రెండింటికీ సగటు తీసి, ఫీల్డు పని మానేశాను. దక్షిణ ఒంటారియోలో పదమూడేళ్లు నేల తవ్వి, మట్టి జల్లెడ పట్టి, తవ్విన గుంటలను మళ్లీ నేనే పూడ్చాను. వీడ్కోలు సభ కంపెనీ పార్కింగ్ లాట్‌లో జరిగింది. కేకు తెచ్చినవాళ్లు కత్తి మరిచిపోయారు. తాపీతో కోశాం. ముందు కడిగారనే అనుకుంటున్నాను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఫోన్లు. కిచెనర్ చుట్టుపక్కల కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు. "అన్నా, ఆర్కియాలజీ కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ జాబంట, సమ్మర్‌కి. అప్లై చెయ్యమంటావా? ఏమన్నా దొరుకుతాయా?" దొరుకుతాయి. వానపాములు, బీరు సీసాల మూతలు, అప్పుడప్పుడు కుండ పెంకులు. బంగారం అడిగినవాళ్లను వేర్‌హౌస్ పనికి వెళ్లమన్నాను. అక్కడ కనీసం హీటర్ ఉంటుంది.

అసలు పని

ఇక్కడ కొత్త కాలనీ కట్టాలంటే, ఆ నేలలో పాతకాలపు ఆనవాళ్లు ఉన్నాయో లేవో ముందు చూడాలి. చూసేది మాలాంటి కంపెనీలు. దున్నిన పొలమైతే ఐదేసి మీటర్ల ఎడంలో వరసగా నిలబడి, తల దించుకుని నడుస్తాం. చెట్లున్న చోటైతే ఐదు మీటర్లకొక గుంట తవ్వి, ఆ మట్టి జల్లెడ పట్టి, గుంట పూడ్చి, మరో ఐదు మీటర్లు జరుగుతాం. నేను వచ్చింది డేటా అనలిటిక్స్ డిప్లొమాకి. ప్రకటనలో "బయట పని, నడవగలగాలి" అని ఉంది. నాకున్న అర్హతల్లో ఎవరూ వేలెత్తి చూపలేనిది అదొక్కటే.

ఈ ఉద్యోగంలో ఎక్కువ భాగం "ఏమీ లేదు" అని రాయడం. అది తేలిక అనుకోకండి. కుండ పెంకు దొరికితే దాన్ని పది మంది చూస్తారు. ఏమీ దొరకలేదని మీరు రాస్తే ఇంకెవరూ చూడరు. మరుసటి నెల అక్కడికి బుల్డోజరు వస్తుంది. మీ మాటే ఆఖరి మాట. ఇరవై నాలుగేళ్ల కుర్రాడి మాటకు అంత విలువ ఇచ్చే ఉద్యోగం ఇంకోటి నేను చూడలేదు. అంత విలువ ఇవ్వకుండా ఉంటే బాగుండేదని తర్వాత తెలిసింది.

బాసులు

నా మొదటి బాసుకు ఒక సిద్ధాంతం ఉండేది: మధ్యాహ్నం రెండు దాటాక దొరికినవన్నీ మామూలు రాళ్లే. ఆయన దగ్గర ఒక సీజన్ చేశాను. టైముకు ఇంటికి వెళ్లడం నేర్చుకున్నాను.

రెండో బాసు గ్లెన్. పొడుగ్గా, వంగిన నడుముతో, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా నేలను చూస్తూ నడిచేవాడు. మనం ఏది పట్టుకొచ్చి చూపినా దాని వంక చూసేవాడు కాదు. మన మొహం చూసి ఒకటే అడిగేవాడు: "ఎలా తెలుసు?" బాణం ములికి అని మీరంటారు, ఎలా తెలుసు అని ఆయనంటాడు. ఈ రోజు మంగళవారం అన్నా అదే ప్రశ్న. మొదటి ఏడాది నాకు ఆయనంటే ఒళ్లు మండేది. ఇప్పుడు మీరు అప్లై చేసే ముందు ఒక మాట వినండి: అలాంటి బాసు దొరికితే జీతం గురించి పెద్దగా బేరమాడకండి.

డార్లీన్ ప్రశ్న

నా ఐదో ఏడు. కిచెనర్‌కు పడమటి వైపు ఒక సోయా పొలంలో ఊరు బయటపడింది. ఊరంటే గోడలు, గోపురాలు ఊహించుకోకండి. ఐదారు వందల ఏళ్ల కింద అక్కడ మొక్కజొన్న పండించుకుంటూ, కర్రలతో కట్టిన పొడుగాటి ఇళ్లలో బతికినవాళ్ల ఊరు. ఇప్పుడు మిగిలినవి కుండ పెంకులు, బూడిద, నేలలో గుంజలు పాతిన చోట నల్లటి మచ్చలు. ఇళ్ల చుట్టూ కర్రల దడి ఉండేదని ఆ మచ్చల వరసను బట్టి తెలిసింది. చిన్న ఊరు, ముచ్చటైన ఊరు. రిపోర్టుకు వీలుగా ఉంది.

అది ఎవరి పూర్వీకుల ఊరో ఆ ఆదివాసీ నేషన్ తరఫున డార్లీన్ రోజూ వచ్చేది. యాభై దాటిన మనిషి, ఎర్ర ఉన్ని టోపీ, చేతిలో థర్మాస్, జేబులో నోట్‌బుక్. మేం ఎలా పనిచేస్తున్నామో చూసి రాసుకోవడం ఆమె పని. మేం పెంకుల్ని "శాంపిల్" అంటే ఆమె "వాళ్ల వంటగిన్నె" అనేది. కోపంగా కాదు, అక్షరదోషం దిద్దినట్టు.

పొలానికి ఉత్తరాన మేపుల్ చెట్ల తోపు ఒకటి ఉంది. అది నా వంతుకు వచ్చింది. ఐదు మీటర్లకో గుంట తవ్వుకుంటూ పోతుంటే మధ్యలో మోకాలెత్తు మట్టికట్ట అడ్డం వచ్చింది. మూడు అంగల వెడల్పు, చెట్ల మధ్య నుంచి వంపు తిరిగి పోతోంది. నేను దాని మీదెక్కి, అటు దిగి, తర్వాతి గుంట మొదలెట్టాను.

"అదేమిటి?" అంది డార్లీన్.

"పాత పొలం గట్టు. తర్వాత ఎప్పుడో చెట్లు మొలిచాయి. మా తాతకు ఇలాంటివి ఇరవై ఉండేవి."

"మీ తాత ఒంటారియోలో వ్యవసాయం చేశాడా?"

"లేదు, కృష్ణా జిల్లాలో."

"ఊఁ," అని ఏదో రాసుకుంది. ఆ "ఊఁ"ను నేను ఒప్పుకోలు కింద జమ కట్టాను.

అదే రోజు కాలనీ కట్టబోయే కంపెనీ సూపర్‌వైజర్ కూడా వచ్చి అదేమిటని అడిగాడు. అతనికి వరి మళ్లు, గట్లు, నీరు పెట్టడం గురించి పది నిమిషాలు చెప్పాను. పాపం అతనికి మెషీన్ ఎక్కడ పార్క్ చెయ్యాలో తెలిస్తే చాలు.

తోపులో నా గుంటల్లో ఏమీ దొరకలేదు. కాబట్టి ఊరి హద్దు పొలం అంచు దగ్గరే ఆగిపోయిందని మ్యాపులో గీత గీశాం. నోట్సులో "పాత పొలం గట్టు, ప్రాముఖ్యం లేదు" అని నా దస్తూరీతో రాశాను. దస్తూరీ చాలా బాగా వచ్చింది.

స్వరూప ఆంటీ వంటగది

నవంబర్ వచ్చింది. నేను స్వరూప ఆంటీ వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆంటీది సూర్యాపేట వైపు. పదో తరగతి దాకా సెలవుల్లో నాట్లు వేసి, తర్వాత హైదరాబాద్ వచ్చి, ఇప్పుడు ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టర్. బేస్‌మెంట్‌లో వైఫై సరిగా రాదు కాబట్టి వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రిపోర్టుకు ఫోటోలు ఏరుతున్నాను. ఆంటీ బగారన్నం పెట్టి వెనక నిలబడింది. టెస్టర్ల వెనక ఎవరూ నిలబడకూడదంటారు. టెస్టర్ మన వెనక నిలబడితే ఇంకా కష్టం.

"ఇదేంది?"

"గట్టు ఆంటీ. పొలం గట్టు."

"ఆడ వరి ఏస్తరా?"

"వెయ్యరు. మొక్కజొన్న, సోయా."

"మరి నీళ్లు నిలవెడ్తరా?"

"పెట్టరు. వానే చాలు."

"నీళ్లు నిలవెట్టనోళ్లకు ఒడ్డు ఎందుకయ్యా?" అంది ఆంటీ. వాళ్ల వైపు గట్టును ఒడ్డంటారు. "అదీ ఇంత వెడల్పు. మా దిక్కు జానెడు జాగ కలిసొస్తదని ఒడ్డును చెక్కుకుంట చెక్కుకుంట, మనిషి కాలు పట్టకుండ చేస్తరు. ఇదేమో గుండ్రంగ తిరిగింది. దున్నేటోడు ఎవడన్నా గుండ్రంగ వెడ్తడా?"

"మామ్, లెట్ హిమ్ ఈట్," అంది వాళ్లమ్మాయి సహస్ర, ఫోన్ నుంచి తల ఎత్తకుండా.

"తిననీయ్. తినుకుంట చెప్పమను."

నేను నములుతూ లెక్క చూసుకున్నాను. ఐదేళ్లలో ఒంటారియోలో కొన్ని వందల పొలాలు కాలినడకన దాటాను. ఒక్క దానికీ గట్టు లేదు. ఉండదు. నాతో పనిచేసే ఏ కెనడా వాడైనా ఆ మట్టికట్ట చూస్తే "ఇదేంటి, వింతగా ఉంది" అని ఆగేవాడు. నాకు వింత అనిపించలేదు. పుట్టినప్పటి నుంచి నా కంటికి పొలం అంటే గట్టు. అందుకే ఆగకుండా ఎక్కి దిగాను. పైగా క్రూలో పొలం పనులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నా మాటను ఎవరూ ప్రశ్నించలేదు.

రిపోర్టు ఆ శుక్రవారమే పంపాలి. అది పోతే తోపు హద్దు బయట ఉన్నట్టే. చలికాలంలో చెట్లు కొట్టేసి, నేల చదును చేసి, అక్కడ వాననీటి చెరువు తవ్వుతారు. మట్టికట్ట ఏమిటో ఇక ఎవరికీ తెలియదు. మరోవైపు ఇక్కడే స్థిరపడటానికి పెట్టిన నా పీఆర్ అప్లికేషన్‌కు గ్లెన్ రాసివ్వాల్సిన ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇంకా చేతికి రాలేదు. ఆ వారం ఆయనకు తలనొప్పి తేకూడదని ఏ ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌ను అడిగినా చెబుతాడు. నేను కన్సల్టెంట్‌ను అడగలేదు. ఇంకొంచెం అన్నం పెట్టించుకుని, పొద్దున్నే చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

ఒప్పుకోలు

"ఆ గట్టు గట్టు కాదనుకుంటా," అన్నాను గ్లెన్ గదిలో.

"ఎలా తెలుసు?"

"మా ఓనరాంటీ చెప్పింది."

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఆవిడకు ఆర్కియాలజీ లైసెన్స్ ఉందా?"

"డ్రైవింగ్‌ది ఉంది."

తిడతాడనుకున్నాను. తిడితే సగం భారం తగ్గేది. "వచ్చే శుక్రవారం దాకా ఆపుతాను," అన్నాడు. "క్లయింటుతో నేను మాట్లాడతా. అక్కడ అడ్డంగా చేత్తో ఒక కోత తవ్వాలి. గురువారం సాయంత్రానికి ఏమీ కనబడకపోతే రిపోర్టు ఉన్నది ఉన్నట్టు పోతుంది. డార్లీన్ లేకుండా తవ్వడానికి లేదు. ఆవిడకు నువ్వే ఫోన్ చెయ్."

"మీరు చేస్తే బాగుంటుందేమో."

"పొలం గట్టు అన్నది నేను కాదు, సత్యా."

ఫోన్ చేశాను. "డార్లీన్, మీరడిగిన ఒక ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పాను."

"నువ్వు చాలా చెప్పావు. ఏది?"

"తోపులో మట్టికట్ట."

"ఓ, మీ తాతది."

"అవును."

"దాని గురించి మా ఆఫీసు మీ కంపెనీకి రాసి అడిగింది, తెలుసా? జవాబు వచ్చింది. నీ వాక్యమే. 'పాత పొలం గట్టు, ప్రాముఖ్యం లేదు.' ప్రింట్ తీసి మా ఫ్రిజ్‌కి అంటించాను. పాలు తీసుకున్నప్పుడల్లా చదువుతాను."

"సారీ" అన్నాను.

"ఆ రోజు నా నోట్‌బుక్‌లో ఏం రాశానో చెప్పనా? 'ఇతనికి తెలియదు. తెలుసనుకుంటున్నాడు.' సోమవారం వస్తాను. మందపాటి గ్లౌజులు తెచ్చుకో."

ఆమె జూన్‌లోనే అడిగింది. వాళ్ల ఆఫీసు కాగితం మీద మళ్లీ అడిగింది. రెండుసార్లూ నా మాటే అడ్డం పడింది. ఆమెకు తెలియక కాదు, ఆమె ప్రశ్న కంటే నా ధీమా గట్టిగా వినబడినందుకు. పిల్లలూ, ఈ మొత్తం కాగితాల్లో ఒక్క పేరానే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

కోత

మట్టికట్టకు అడ్డంగా మీటరు వెడల్పున చేత్తో తవ్వడం మొదలుపెట్టాం. సోమవారం మేపుల్ వేర్లు. చెట్టును గాయపరచకుండా, మట్టిని చెదరగొట్టకుండా, చిన్న రంపంతో ఒక్కొక్కటీ కొయ్యాలి. మంగళవారం మంచూ వానా కలిసి పడ్డాయి. టార్పాలిన్ కింద నలుగురం కూర్చుని టార్పాలిన్‌ను తిట్టుకున్నాం. బుధవారం కట్టకు అవతలి పక్కన మట్టి రంగు మారింది. పల్లంగా, నల్లగా. కందకం కావచ్చు. పాత చెట్టు కూలిన గుంట కూడా కావచ్చు. గ్లెన్ వచ్చి చూసి, రెండో ప్రశ్న లేకుండా తన ఒక్క ప్రశ్న అడిగి, వెళ్లిపోయాడు.

సూపర్‌వైజర్ కూడా వచ్చాడు. "ఏం దొరికింది?"

"వేర్లు."

"గట్టు అన్నావుగా?"

"అన్నాను."

"మరి?"

"ఇప్పుడు అనట్లేదు."

అతను కాఫీ తాగుతూ కాసేపు నిలబడి, నాకు కాఫీ ఇవ్వకుండా వెళ్లిపోయాడు. న్యాయమే.

గురువారం మోకాళ్ల కింద ఐసు. కట్టకు లోపలి పక్క, అడుగు మట్టిని తాపీతో పలచగా గీరుతున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. నా మొదటి బాసు సిద్ధాంతం ప్రకారం ఇక అన్నీ రాళ్లే. అయినా గీరాను. ఇంకా రెండు గంటల వెలుతురు ఉంది, అది నాదే. అప్పుడు గోధుమరంగు మట్టిలో గుండ్రంగా ఒక నల్ల మచ్చ, కాఫీ కప్పు మూతంత. జానెడు అవతల ఇంకొకటి. ఇంకో జానెడు అవతల మూడోది. గుంజలు పాతిన మచ్చలు. కట్టకు ఆనుకుని వంపు తిరిగిన వరస. అరుద్దామని నోరు తెరిచాను. తుమ్ము వచ్చింది.

డార్లీన్ వచ్చి గొంతుక్కూర్చుంది. చాలాసేపు చూసింది. తర్వాత చేతి సంచిలోంచి కొంచెం పొగాకు తీసి, నైవేద్యంలా నేల మీద ఉంచి, తన భాషలో మెల్లగా ఏదో అంది. ఏమందో నేను అడగలేదు. నా ఉద్యోగంలో నోరు మూసుకుని సరిగ్గా చేసిన పనుల్లో అదొకటి.

సంగతి ఇదీ. అది పొలం గట్టు కాదు, ఊరి ప్రాకారం. కందకం తవ్విన మట్టిని కట్టగా పోసి, దాని లోపలి పక్కన దడి కట్టారు. మొదట్లో ఊరు తోపు దాకా ఉండేది. తర్వాత జనం తగ్గారు. మిగిలినవాళ్లు లోపలికి జరిగి కొత్త దడి కట్టుకున్నారు. మేం పొలంలో చూసింది ఆ రెండో దడి. నా గుంటలేమో ఇళ్లు లేని ఖాళీ జాగాలో పడ్డాయి.

"కుంచించుకుపోయిన ఊరిని చూసి, ఊరే అంత అనుకున్నాం," అన్నాడు గ్లెన్.

"పాపం, ఎంత పెద్ద ఊరు ఎలా అయిపోయిందో," అన్నాను. ఆ సాయంత్రం నాకూ కొంచెం గంభీరంగా ఉండాలనిపించింది.

డార్లీన్ థర్మాస్ మూత బిగిస్తూ నా వంక చూసింది. "ఏమీ అయిపోలేదు. కొందరు వేరే చోట ఊరు కట్టుకున్నారు. కొందరు ఉండిపోయి దడి దగ్గరికి జరుపుకున్నారు. కాపలా కాయడానికి మనుషులు తక్కువైతే గోడ చిన్నది చేసుకోవడం తెలివి. గుంజ తర్వాత గుంజ, మొత్తం మళ్లీ పాతారు. నీకు నాలుగు రోజులకే నడుం పట్టేసింది."

హద్దు గీత మారింది. తోపు మిగిలింది. వాననీటి చెరువు దక్షిణానికి జరిగింది. కాలనీలో ఒక వీధికి వంపు వచ్చింది. గ్లెన్ లెటర్ ఆ నెలలోనే ఇచ్చాడు. నా డ్యూటీల జాబితాలో చివరి లైను "ప్రాచీన మట్టికట్టలను గుర్తించుట" అని ఉంది. అది జోకో, అబద్ధమో, క్షమాపణో ఇప్పటికీ అడగలేదు.

చేరబోయేవాళ్లకు

మోకాలి ప్యాడ్లు మొదటి రోజు నుంచే కట్టుకోండి. మీకు తెలియని వస్తువు దగ్గర మీరెలాగూ ఆగుతారు. తెలిసినట్టు అనిపించిన దాని దగ్గర ఇంకాసేపు ఆగండి. మన ఊళ్ల నుంచి తెచ్చుకున్న కన్ను ఈ పనిలో బాగా పనికొస్తుంది. పొయ్యి బూడిదను, తొక్కి గట్టిపడ్డ మట్టినేలను నేను క్రూలో అందరికంటే ముందు పట్టేవాణ్ణి. అదే కన్ను నన్ను తోపులో నిలువునా ముంచింది. పనిలో చేరండి. కానీ రాసిన మాట మళ్లీ తవ్వాల్సి వస్తే తవ్వేవాళ్లే చేరండి. మిగతావాళ్లకు వేర్‌హౌస్ ఉంది, హీటర్ ఉంది.

పోయిన వేసవిలో ఆ కాలనీలోనే ఒక గృహప్రవేశానికి పిలిచారు. ప్రసాద్ గారని, ఓక్‌విల్ నుంచి మారిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వ్రతం అయ్యాక ఆయన పట్టుపంచెతోనే మమ్మల్ని వెనక డెక్ మీదికి తీసుకెళ్లారు. ఫెన్సు అవతల మేపుల్ చెట్లు, వాటి మధ్య నాకు బాగా తెలిసిన వంపు.

"వెనక ఎప్పటికీ ఎవరూ ఇల్లు కట్టరండి, అదీ ప్లస్ పాయింటు," అన్నారు గర్వంగా. "ఆ ఎత్తుగా ఉంది చూశారూ? పాత పొలం గట్టంట. మా ఏజెంట్‌కి బిల్డర్ సూపర్‌వైజర్ చెప్పాడంట. ఆయనకేమో ఇక్కడ తవ్విన మన తెలుగబ్బాయే చెప్పాడంట. వరి, నీళ్లు, మొత్తం ఎక్స్‌ప్లెయిన్ చేశాడంట. సో, కన్ఫర్మ్."

రిపోర్టు దిద్దాను. మ్యాపు దిద్దాను. ఆ పది నిమిషాల ఉపన్యాసం మాత్రం నాకంటే ముందే ఇల్లు కొనుక్కుని ఇక్కడ స్థిరపడింది.

"అతను తప్పు చెప్పాడండి," అన్నాను.

ప్రసాద్ గారు నా వైపు తిరిగారు. "మీకెలా తెలుసు?"

పులిహోర ప్లేటు రెయిలింగ్ మీద పెట్టాను.

"దాని మీద అడుగు పెట్టకూడదు గానీ, పక్కనే బాట ఉంది," అన్నాను. "మీ దగ్గర బూట్లున్నాయా?"

ఆయన పంచె వైపు చూసుకున్నారు. "ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

డెక్‌కు ఆరు మెట్లున్నాయి. మోకాళ్లు మొదటి మెట్టు దగ్గరే అభ్యంతరం చెప్పాయి. నమోదు చేసుకున్నాను, దిగాను.